వాల్వు ఎవరు కట్టేశారు?

సరయేవో నాటకాల మీద నేను రాసిన వ్యాసం మా మామయ్యకు కోపం తెప్పించింది. ఆయన మున్సిపాలిటీ నీటి సరఫరా విభాగంలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఇన్‌టేక్ బావులు, పంపుహౌసులు, ఫిల్టర్ బెడ్లు, ఎండాకాలం ట్యాంకర్ల గొడవ, ఇదే ఆయన లోకం. నాది నాటకాల పిచ్చి.

సరయేవో బోస్నియా రాజధాని. 1914లో ఆస్ట్రియా యువరాజును కాల్చి చంపిన ఊరుగా మనకు స్కూలు పుస్తకాల్లో తగిలింది. యుగొస్లావియా ముక్కలవుతున్న రోజుల్లో, 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి 29 దాకా, ఆ ఊరు 1,425 రోజులు ముట్టడిలో ఉంది. చుట్టూ కొండల మీద బోస్నియా సెర్బు సైన్యం ఫిరంగులు, స్నైపర్లు. కింద లోయలో మూడు లక్షల పైచిలుకు జనం. వాళ్ళలో ముస్లింలున్నారు, క్రొయేట్లున్నారు, ఊరు విడిచిపోని సెర్బులూ ఉన్నారు. కూలిన గోడల మధ్య వాళ్ళు నాటకాలాడారని, పత్రిక అచ్చేశారని, కచేరీలు చేశారని నేను రాశాను. మామయ్య ఆ వ్యాసం నిండా పెన్సిలు గీతలు పెట్టుకొచ్చారు. ఆ తర్వాత మా ఇద్దరికీ జరిగిన వాదం ఇది.

మామయ్య: ఏకబిగిన చదివానమ్మా, బాగానే రాశావు. కానీ ఇదిగో, 'శిథిలాల మధ్య కూడా అక్కడ బతుకు ఆగలేదు' అన్నావు చూడు, అక్కడ నాకు మండింది. ఆగలేదా? కుళాయి ఆగింది. కరెంటు ఆగింది. గ్యాసు ఆగింది. ట్రాము ఆగింది. అవి చెయ్యాల్సిన పనంతా మనుషుల భుజాల మీద, కాళ్ళ మీద పడింది. దాన్ని ఒక్క వాక్యంలో తేల్చేస్తే ఎలా?

నేను: తేల్చెయ్యలేదు మామయ్యా. అంత మోస్తూ కూడా వాళ్ళు నాటకం దాకా నడిచొచ్చారనే చెప్పాను. ముట్టడి మొదలైన నెలన్నరకే, 1992 మేలో, ఆ ఊరి నాటకాలవాళ్ళు 'సరయేవో యుద్ధ రంగస్థలం' అని ఒక నాటక సంస్థ పెట్టుకున్నారు.  ఏడాది దాటాక, 1993 ఆగస్టులో, అమెరికా రచయిత్రి సుసాన్ సొంటాగ్ వెళ్ళి అక్కడి నటులతో 'వెయిటింగ్ ఫర్ గోడో' ఆడించింది. కరెంటు లేదు, కొవ్వొత్తుల వెలుగు. ఇద్దరు ముఖ్య పాత్రధారులకు బదులు మూడు జంటల్ని పెట్టింది. తిండి చాలక నటులు ఎంత నీరసంగా ఉండేవాళ్ళంటే, తమ వంతు రానప్పుడు స్టేజీ మీదే పడుకునేవాళ్ళు. ఆ నీరసంతోనే సంభాషణలు కంఠతా పట్టారు. ఇది మెచ్చుకోదగ్గది కాదంటారా?

మామయ్య: వాళ్ళను మెచ్చుకో. నాకు అభ్యంతరం లేదు. నాటకానికి నాలుగు పేజీలిచ్చి, నాటకం దాకా నడిచిన దారికి ఒక్క వాక్యం ఇచ్చావే, అదీ నా బాధ. నాకు ఆ దారి కావాలి. చెప్తా విను. ఆ ఊరు తూర్పు పడమరలుగా సాగిన సన్నని లోయ. మధ్యలో మిల్యాత్స్కా అనే చిన్న నది. ఊరికి నీళ్ళిచ్చే పెద్ద బావులు పడమటి చివర బాచెవో దగ్గర ఉన్నాయి. అవి పల్లంలో ఉన్నాయి గనక నీళ్ళు వాటంతటవి రావు, పంపులు పెట్టి ఎక్కించాలి. ఆ బావులున్న ఇలిజా ప్రాంతం ముట్టడి వేసినవాళ్ళ చేతిలో ఉంది. పంపులకు వచ్చే కరెంటు లైన్లూ వాళ్ళ చేతిలోనే. ఇక గుండు పేల్చాల్సిన పనేముంది? ఒక స్విచ్చి ఆపితే చాలు. మూడు లక్షల మందికి పైగా మనుషులు డబ్బాలు పట్టుకుని వీధిలోకి వస్తారు. వచ్చాక కొండ మీద నుంచి కాల్చుకోవచ్చు.

నేను: అది నాకు తెలుసు. కానీ నా వ్యాసం నీటి సరఫరా గురించి కాదు.

మామయ్య: ముట్టడిలో ఉన్న ఊళ్ళో నీటి సరఫరా గురించి కానిది ఏదీ లేదమ్మా. పాత పేటలో కొండవాలు ఊటలు, చెలమలు కాస్త ఉన్నాయి. బీరు ఫ్యాక్టరీ ఒకటుంది, 1864 నుంచీ ఉన్నది. దానికి సొంత ఊట. ఆ ఫ్యాక్టరీ వాళ్ళు బయటికి కుళాయిలు పెట్టి జనానికి నీళ్ళిచ్చారు. అక్కడ గంటల తరబడి వరస. ఐదు లీటర్లవి, పది లీటర్లవి ప్లాస్టిక్ డబ్బాలు. వాటిని మొయ్యడానికి పిల్లల తోపుడు బళ్ళు, చక్రాలు బిగించిన చెక్కలు, చలికాలమైతే మంచు మీద జారే చిన్న బళ్ళు. లీటరు నీళ్ళు కిలో బరువు. నలుగురున్న ఇంటికి నలభై లీటర్లు తెస్తే నలభై కిలోలు. ఇల్లు ఏడో అంతస్తులో ఉంటే? లిఫ్టు లేదు. మెట్ల మీద దీపం లేదు. మన దగ్గర డ్రైనేజీ ఉన్న పట్నాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అని లెక్కేసి స్కీములు గీస్తాం. ఆ లెక్కన ఆ నలభై లీటర్లు ఒక్క మనిషికి మూడో వంతు కూడా కాదు.

నేను: ఆ నీళ్ళని ఎలా వాడారో కూడా చెప్పండి. కూరగాయలు కడిగిన నీళ్ళతో గిన్నెలు, ఆ నీళ్ళతోనే గుడ్డలు, మిగిలిన మురికినీళ్ళు లెట్రిన్‌లోకి. ఒక్క చుక్క వృథా పోలేదు. కిటికీ అద్దాలు పగిలితే ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన ప్లాస్టిక్ పట్టా బిగించుకున్నారు. రేకు డబ్బాలు కత్తిరించి పొయ్యిలు చేసుకున్నారు. పార్కుల్లో చెట్లు అయిపోయాక కుర్చీలు, నేల మీద పరిచిన చెక్కలు, పాత బూట్లు, ఆఖరికి పుస్తకాలు పొయ్యిలో పెట్టారు. బాల్కనీల్లో కుండీలు పెట్టి కూరగాయలు పండించారు. అలా ఇల్లు నడిపిన మనుషుల్ని తెలివైనవాళ్ళు అనకుండా ఏమనాలి?

మామయ్య: తెలివైనవాళ్ళే. నేను ఇన్నేళ్ళు సర్వీసు చేసి కూడా నీటిని అంత పొదుపుగా వాడిన ఊరు చూడలేదు. కానీ ఆ తెలివి నేర్పింది తుపాకీ. ఆ తెలివి వాళ్ళకు అక్కర్లేదు. 1984లో చలికాలపు ఒలింపిక్స్ జరిపిన ఊరు అది. ట్రాములు, విశ్వవిద్యాలయం, పెద్దాసుపత్రి, అన్నీ ఉన్న ఊరు. అక్కడి మాస్టారు తన పుస్తకాల్లో ఏది ముందు కాల్చాలా అని కూర్చుని ఏరుకున్నాడంటే, ఆ ఏరుకోవడంలో మనకు అందం కనిపించకూడదు. 'ఎంత ధైర్యవంతులో' అని మనం మురిసిపోయే కొద్దీ ఆ స్విచ్చి ఆపినవాడు మన కంటికి ఆనకుండా పోతాడు. కావాలంటే నీ వ్యాసం మళ్ళీ తిరగెయ్యి. ఎవరు ఆపారన్నది ఎక్కడా లేదు. 'నీళ్ళు లేవు, కరెంటు లేదు' అని రాశావు, కరువు వచ్చినట్టు.

ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. కాసేపు ఆగి నా వాదం వేరే దారిన పట్టుకొచ్చాను, ఎందుకంటే ఆయన చెప్పినది నిజమే అయినా అందులో ఒక ప్రమాదం ఉంది.

నేను: సరే మామయ్యా, ఎవరు ఆపారో రాస్తాను. కానీ మీ లెక్కలోనూ ఒకటి తప్పిపోతోంది. ముట్టడి వేసినవాడు ఆ ఊరి మనిషిని ఎలా చూశాడు? తాగడానికి ఇన్ని లీటర్లు, తినడానికి ఇన్ని గ్రాములు కావాల్సిన ఒక ఒళ్ళుగా చూశాడు. అవి ఆపితే లొంగుతాడనుకున్నాడు. మీరూ లీటర్లు, కిలోలే లెక్కపెడితే ఆ మనిషిని వాడి కళ్ళతో చూసినట్టే అవుతుంది. గాజీ హుస్రెవ్ బేగ్ లైబ్రరీ అని నాలుగున్నర శతాబ్దాలు దాటిన గ్రంథాలయం ఉంది అక్కడ. అరబ్బీ, టర్కీ, పారశీక భాషల్లో చేతిరాత ప్రతులు దాదాపు పదివేలు. దాని డైరెక్టరు ముస్తఫా యాహిచ్, కొద్దిమంది సిబ్బంది కలిసి వాటిని అరటిపళ్ళ అట్టపెట్టెల్లో సర్ది, చేతుల మీద మోసి, ఊళ్ళోనే ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మళ్ళీ మళ్ళీ మార్చారు. వాటిని మోసే చేతులతో రెండు డబ్బాల నీళ్ళు మోసుకోవచ్చు. తెలిసే పుస్తకాలు మోశారు. అది వాళ్ళు ఎంచుకున్న పని. తుపాకీ నేర్పినది కాదు.

మామయ్య: అరటిపళ్ళ పెట్టెలు నీ వ్యాసంలో లేవే! అది రాయాల్సింది. బరువు తెలుస్తుంది. కానీ లైబ్రరీ మాట నువ్వే ఎత్తావు గనక అడుగుతా. రెండో లైబ్రరీ సంగతి? నదొడ్డున ఉన్నది.

నేను: వియెచ్నిత్సా. 1896లో ఆస్ట్రియా హంగరీ పాలనలో నగర పాలక భవనంగా కట్టారు. తర్వాత జాతీయ గ్రంథాలయం అయింది. 1992 ఆగస్టు 25 రాత్రి నుంచి మంట గుండ్లు కొట్టి తగలబెట్టారు. పదిహేను లక్షలకు పైగా పుస్తకాల్లో నూటికి తొంభై వంతులు పోయాయి. సిబ్బందీ జనమూ వరసగా నిలబడి చేతికి చేయి అందించుకుంటూ కొన్ని బయటికి తెచ్చారు. వాళ్ళలో ఒక లైబ్రేరియన్, ఐదా బుతురోవిచ్, ఆ రోజే గుండు తగిలి చనిపోయింది. కాలిన కాగితాల మసి ఊరంతా రాలింది.

మామయ్య: ఫైరింజన్లు రాలేదా?

నేను: వచ్చాయి. పైపుల్లో నీళ్ళు లేవు.

మామయ్య: అదే నేను చెప్పేది. పేటలో నీళ్ళు ఆపి, భవనం మీద గుండ్లు వేసి, ఆర్పడానికి వచ్చినవాళ్ళ మీద తుపాకులు పేల్చారు. నీ పుస్తకాలు నా పైపులైనులో కాలిపోయాయి తల్లీ. నువ్వు సంస్కృతి వేరు, నీళ్ళు వేరు అంటున్నావు. ఆపినవాడికి ఆ తేడా లేదు. వాడు రెండూ ఒకే చేత్తో ఆపాడు.

నేను: అయితే కాపాడినవాళ్ళు కూడా రెండూ ఒకే చేత్తో కాపాడారని మీరూ ఒప్పుకోవాలి. 'ఒస్లొబొజేన్యే' దినపత్రిక సంగతి చూడండి. వాళ్ళ ఎత్తైన జంట భవనం గుండ్లకు కూలిపోతే, కింద ఉన్న బంకరులో కూర్చుని పని చేశారు. సంపాదకుడు కెమాల్ కుర్స్‌పాహిచ్. సిబ్బందిలో ముస్లింలు, సెర్బులు, క్రొయేట్లు అందరూ ఉన్నారు. న్యూస్‌ప్రింటు లేక పేజీలు తగ్గాయి, దొరికిన రంగు కాగితం మీద అచ్చేశారు. కానీ ఒక్క రోజు కూడా పత్రిక ఆగలేదు. జనరేటరుకు పోసిన డీజిల్ ఆసుపత్రికి పొయ్యొచ్చు కదా అని మీరు అడగొచ్చు. కానీ చనిపోయినవాళ్ళ పేర్లు ఆ పత్రికలోనే వచ్చేవి. పక్క పేటలో ఎవరు పోయారో, రేపు ఏ వీధి దాటకూడదో తెలియని ఊళ్ళో నీళ్ళు తెచ్చుకోవడం కూడా కుదరదు.

మామయ్య: పత్రిక ఒప్పుకుంటాను. పత్రిక అవసరమే. మరి నువ్వు రాసిన అందాల పోటీ సంగతి?

నేను: 1993 మేలో జరిగింది. ఆ అమ్మాయిలు స్టేజీ మీద పట్టుకున్న బ్యానరు మీద 'వాళ్ళు మమ్మల్ని చంపకుండా చూడండి' అని రాసుంది. పోటీ కన్నా ఆ బ్యానరే ముఖ్యం.

మామయ్య: ప్రపంచం ఆ బ్యానరు చదివిందా? ఫొటో తీసుకుంది. పాట కట్టుకుంది. చెల్లో అనే తీగవాద్యం వాయించిన స్మైలోవిచ్‌దీ అంతే. రొట్టె కోసం వరసలో నిలబడ్డవాళ్ళ మీద 1992 మే 27న గుండు పడి ఇరవైమందికి పైగా పోయారు. ఆయన కోటు వేసుకుని వీధిలో కూర్చుని వాయించాడు. మంచి మనిషి. తన బాధ తను చెప్పుకున్నాడు. తర్వాత ఎవరో ఆ కథను నవలగా రాస్తే, నా బతుకు నన్నడగకుండా వాడుకున్నారని ఆయనే బహిరంగంగా కోప్పడ్డాడు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. చూసేవాళ్ళకు చెల్లో కావాలి. రొట్టె వరస ఎందుకు ఉంది, గుండు ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగినవాళ్ళు తక్కువ.

నేను: అడిగినవాళ్ళు లేకపోతే విమానాలు ఎలా వచ్చాయి? 1992 జులై 3 నుంచి 1996 జనవరి 9 దాకా 12,000కు పైగా విమానాలు తిండీ మందులూ దింపాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బెర్లిన్‌కు దింపిన దానికన్నా ఎక్కువ కాలం.

మామయ్య: ఆ లెక్క మీద నేనూ గీత పెట్టాను చూడు. మూడున్నరేళ్ళు విమానాలతో బియ్యం, పిండి, డబ్బాల మాంసం దింపారు. ఆ మూడున్నరేళ్ళూ కొండ మీద ఫిరంగులు అక్కడే ఉన్నాయి. తిండి పెట్టడం సుళువు, ఫిరంగి దింపించడం కష్టం. 1994 ఫిబ్రవరి 5న మార్కలే బజారులో గుండు పడి 68 మంది పోయారు. 1995 ఆగస్టు 28న అదే బజారు దగ్గర ఇంకో 43 మంది. ఆ రెండోదాని తర్వాత గానీ, ఆగస్టు 30న, నాటో విమానాలు సెర్బు ఫిరంగుల మీద గట్టిగా దాడి మొదలుపెట్టలేదు. ఏడాది తిరక్కుండా యుద్ధం ముగించిన డేటన్ ఒప్పందం కుదిరింది. ఆ ఊరి జనమే తర్వాత డబ్బా మాంసానికి ఒక స్మారకం కట్టి అంతర్జాతీయ సమాజానికి కృతజ్ఞతతో అని రాశారు. అంత చేదు వాళ్ళ నోట్లో ఉంటే నువ్వు చక్కెర పోస్తున్నావు.

నేను: మరి మీరు మెచ్చుకునేవాళ్ళు ఎవరూ లేరా ఈ కథలో?

మామయ్య: ఎందుకు లేరు! ఉన్నారు. సొరంగం తవ్వినవాళ్ళు. విమానాశ్రయం ఐక్యరాజ్యసమితి చేతిలో ఉండేది, రన్‌వే దాటబోయిన జనం కాల్పులకు చచ్చేవాళ్ళు. అందుకని రన్‌వే కిందనే, ఇటు డోబ్రిన్యా నుంచి, అటు బుత్మిర్ నుంచి తవ్వుకుంటూ వచ్చి 1993 వేసవిలో కలిశారు. ఎనిమిది వందల మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మనిషి వంగి నడవాల్సినంత ఎత్తు. కింద ఊట నీరు పారుతూ ఉండేది, తోడి పొయ్యాలి. మొదట్లో వీపు మీద మోశారు, తర్వాత చిన్న పట్టాలు వేసి బళ్ళు తోశారు. ఆ తర్వాత అందులోంచే కరెంటు కేబులు, ఇంధనం పైపు లాగారు. పార చేతపట్టి పనిచేసిన ఏ ఇంజనీరుకైనా అది చూస్తే కళ్ళు చెమరుస్తాయి.

ఇంకొకాయన, ఫ్రెడ్ క్యూనీ. అమెరికాలో టెక్సాస్ మనిషి, విపత్తు సహాయంలో ఆరితేరినవాడు. ఈ ఊరికి బియ్యం కన్నా ముందు కుళాయిలో నీళ్ళు కావాలి, అప్పుడే జనం వీధిలోకి రాకుండా ఉంటారు, చావులు తగ్గుతాయి అని లెక్కేశాడు. అమెరికా ధనవంతుడు జార్జ్ సోరోస్ ఇచ్చిన డబ్బుతో ఫిల్టర్ యూనిట్లు విమానంలో పట్టే కొలతల్లో చేయించి తెప్పించాడు. ఎక్కడ పెట్టాడో తెలుసా? పాత రోడ్డు సొరంగంలో, గుండు తగలని చోట. పక్కనే పారే మిల్యాత్స్కా నుంచి నీళ్ళు తోడి, శుద్ధి చేసి, ఉన్న పైపులైన్లలోకే ఎక్కించాలని ఏర్పాటు. గ్యాసు పైపుల కోసం జనం తమ వీధుల్లో తామే కాలవలు తవ్వుకున్నారు. నాకు మీ గోడో నాటకం కన్నా ఆ సొరంగంలో ఫిల్టర్లు ఆడిన చప్పుడు గొప్పది.

నేను: ఆ ఫిల్టర్లు ఎప్పుడు ఆడాయి మామయ్యా? పూర్తి కథ చెప్పండి.

మామయ్య: (కాస్త తగ్గి) 1994 మొదట్లో సిద్ధమయ్యాయి. నీళ్ళు పరీక్ష చెయ్యాలని, సురక్షితం కావని ఊరి అధికారులే నెలల తరబడి ఒప్పుకోలేదు. వేసవి దాకా లాగారు. ఇలాంటిది నా సర్వీసులోనూ చూశాను. యంత్రం రెడీగా ఉంటుంది, సంతకం రాదు.

నేను: అయితే లోపలివాళ్ళ గురించి కూడా రాయాలి. ముట్టడిలో నల్లబజారు నడిపినవాళ్ళు ఉన్నారు, జర్మన్ మార్కులకు గుడ్లు అమ్మినవాళ్ళు ఉన్నారు. పొగాకు ఫ్యాక్టరీ ఆగకుండా సిగరెట్లు చేసింది, చుట్టడానికి కాగితం లేక అచ్చుపుస్తకాల కాగితాల్లో చుట్టింది, ఆ సిగరెట్లే జీతంగా, డబ్బుగా తిరిగాయి. ధైర్యవంతులు అని ఒక్క రంగు పూసి వదలకూడదన్న మీ మాట అక్కడ నాకు నచ్చింది. కానీ 'బాధితులు' అన్నదీ ఒక్క రంగే. నేను ఏ రంగూ పూయకుండా వాళ్ళు ఏం చేశారో రాస్తాను. నాటకం కూడా వాళ్ళు చేసిన పనే. దాన్ని తీసెయ్యను.

మామయ్య: తీసెయ్యమనలేదు. గోడో ఉంచు. ఆ నటులు పొద్దున నీళ్ళెక్కడ పట్టుకున్నారో పక్కన రాయి, చాలు.

ఇక్కడ మా మాట శిథిలాల మీదికి మళ్ళింది. గుండు పడిన చోట తారులో పడ్డ గుంటలను యుద్ధం తర్వాత ఎర్రటి రెజిన్‌తో పూడ్చారు. సరయేవో గులాబీలు అంటారు. రోడ్లు కొత్తగా వేసేటప్పుడు అవి ఒక్కొక్కటే పోతున్నాయి. వాటిని కాపాడాలని నేను. గుంట పూడ్చాల్సిందే, నడిచే ముసలివాళ్ళ కాలు మడతపడుతుందని మామయ్య. ఆ గొడవ ఎటూ తెగలేదు. వియెచ్నిత్సా భవనాన్ని పునర్నిర్మించి 2014 మే 9న తెరిచారని నేనంటే, గోడలొచ్చాయి గానీ కాలిన పుస్తకాలు రాలేదు కదా అన్నారాయన. అది నిజం.

మామయ్య: ఇంకో మాట. ఇదంతా ముప్పై ఏళ్ళ నాటి ముచ్చట అనుకుంటారు చదివేవాళ్ళు. 2022లో మన తెలుగు పిల్లలు ఎందరు ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతూ బేస్‌మెంట్లలో, మెట్రో స్టేషన్లలో తలదాచుకున్నారు? మార్చి 1న ఖార్కివ్‌లో కర్ణాటక కుర్రాడొకడు సరుకుల కోసం వరసలో నిలబడి గుండు దెబ్బకు పోయాడు. మళ్ళీ వరసే. అదే ఏడాది ఏప్రిల్‌లో అక్కడి మికొలాయివ్ అనే ఊరికి ద్నిప్రో నది నుంచి నీళ్ళు తెచ్చే పైపులైను దెబ్బతింది. మరమ్మతుకు అక్కడికి వెళ్ళే వీల్లేదు. చివరికి ఉప్పునీళ్ళు కుళాయిల్లోకి వదిలారు. తాగడానికి పనికిరావు, పైగా ఇనుప పైపుల్ని లోపలి నుంచి తినేస్తాయి. జనం మంచినీళ్ళ కోసం డబ్బాలు పట్టుకుని మళ్ళీ బయటికి. అలాంటివి చెయ్యకూడదని చట్టం లేదా అంటే ఉంది. జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి ప్రొటోకాలు, 54వ అధికరణం. తాగునీటి ఏర్పాట్లను, పొలాలను, పంటలను, జనం బతకడానికి తప్పనిసరి అయినవాటిని, వాళ్ళకు అందకుండా చెయ్యడానికి నాశనం చెయ్యకూడదు. ఊళ్ళో నీళ్ళు ఆపడం యుద్ధ తంత్రం కాదు, నేరం. అది నీ వ్యాసంలో ఉండాలి.

నేను: ఉంటుంది. కానీ సరయేవోలో నీళ్ళ కోసం నిలబడ్డవాళ్ళ మీద గుండు వేసిన నేరాన్ని కోర్టులో ఎవరు రుజువు చేశారో చెప్పండి.

మామయ్య: సైనిక నిపుణులు, గుండ్ల కోణాలు కొలిచినవాళ్ళు.

నేను: వాళ్ళొక్కళ్ళే కాదు మామయ్యా. డోబ్రిన్యాలో 1993 జులై 12న నీళ్ళ పంపు దగ్గర దాదాపు వందమంది వరసలో ఉండగా గుండు పడింది. 13 మంది పోయారు. హేగ్‌లో యుగొస్లావియా యుద్ధనేరాల ట్రిబ్యునల్ ఆ నీళ్ళ వరసను ఒక ప్రత్యేక సంఘటనగా తీసుకుంది. ముట్టడి వేసిన దళాలకు నాయకుడిగా ఉన్న స్టానిస్లావ్ గాలిచ్ మీద కేసు. వచ్చి చెప్పినవాళ్ళు ఎవరు? బతికి బయటపడ్డవాళ్ళు. ఏ పూట వచ్చారు, వరస ఎంత పొడవుంది, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, గుండు ఏ వైపు నుంచి వచ్చింది. మీరు అడుగుతున్న ఆ దారి గురించే వాళ్ళు కోర్టుకు చెప్పారు. రోజువారీ బతుకంతా గుర్తుపెట్టుకున్నవాళ్ళు, రాసుకున్నవాళ్ళు, ఒక్క రోజు కూడా మానకుండా పేర్లు అచ్చేసిన పత్రికవాళ్ళు లేకపోతే మీ చట్టాలు కాగితం మీదే ఉండేవి. అందుకే ఆ బతుకుని రాయాలంటున్నాను. మెచ్చుకోలు కోసం కాదు, సాక్ష్యం కోసం.

మామయ్య: మరి ఆ మాట వ్యాసంలో ఎందుకు రాయలేదు?

నేను: ఇప్పుడు రాస్తాను. నాటకమూ ఉంటుంది, నీళ్ళ వరసా ఉంటుంది, ఆపినవాడి పేరూ ఉంటుంది.

మామయ్య: తీర్పు కూడా రాయి. తారీఖుతో సహా.

నేను: రాస్తున్నాను. 2003 డిసెంబరు 5న ట్రిబ్యునల్ గాలిచ్‌కు 20 ఏళ్ళ శిక్ష వేసింది. పౌరుల్లో భయం పుట్టించడమే పనిగా దాడులు చేసినందుకు ఒక అంతర్జాతీయ కోర్టు శిక్షించడం అదే మొదటిసారి. 2006 నవంబరు 30న అప్పీలు బెంచి, ఆ శిక్ష నేరానికి తగినంత లేదని, యావజ్జీవంగా మార్చింది.